ధర తగ్గినందుకు వందనాలు

మా మదనపల్లె చర్చిలో ఒక అలవాటు ఉంది. ఏడాది చివరి ఆదివారం, ఆ సంవత్సరం దేశంలో జరిగిన ముఖ్యమైన సంగతులు ఒకరు నిలబడి చదవాలి. మంచి జరిగిన చోట సంఘమంతా 'ప్రభువా, నీకు వందనాలు' అంటుంది. చెడు జరిగిన చోట 'ప్రభువా, కనికరించు' అంటుంది. మిషన్ స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయిన పాపానికి ఆ చదివే పని నా నెత్తిన పడింది. చాలా ఏళ్లు ఇష్టంగానే చేశాను. చంద్రుడి మీద మనవాళ్లు నౌకను దింపిన ఆ ఏడాది మాత్రం నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది. పోవాలని నాకేమీ తొందర లేదు.

నా చెల్లెలు పుంగనూరు దగ్గర ఒక పల్లెలో రెండెకరాలు గుత్తకు, అంటే కౌలుకు, చేసేది. మా మరిది పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, కుప్పంలో కాపురం. వచ్చి తన దగ్గరే ఉండమని ఆ పిల్ల పిలవని పండగ లేదు. చెల్లెలు కదిలేది కాదు. "అల్లుని ఇంట్లో కంచం ముందర కూసోని ఎదురుసూసేది నాతో కాదక్కా" అనేది. గుత్త కట్టినంత కాలం ఆ పొలం ఆమెది, అందులోని రేకుల ఇల్లు ఆమెది. కట్టలేని ఏడు వస్తే మూట సర్దుకుని కుప్పం బస్సెక్కాలి. ఆమెకు అంతకు మించిన భయం లేదు.

ఆ వేసవిలో టమోటాకు కోత కూలి కూడా రాలేదు. చెల్లెలు కాయ కోయకుండా తోటలోకి గొర్రెలను తోలించింది. దేశమంతా రెండు వేల నోటు రద్దు గురించి మాట్లాడుకుంటోంది. ఎవరి బీరువాలో ఎన్ని దాచుకున్నారో అని టీవీల్లో ఒకటే గోల. జూన్‌లో ఒడిశాలో రైళ్లు గుద్దుకుని వందల మంది పోయారు. జులై వచ్చేసరికి దేశం అన్నీ పక్కన పెట్టి టమోటాను పట్టుకుంది.

ధర చెట్టెక్కి కూర్చుంది. తోట మిగిలినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మా మార్కెట్ యార్డుకు మైకులు పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. కనపడిన ప్రతి పంచెకట్టు మనిషినీ "కోట్లు సంపాదించారంట కదా" అని అడిగారు. ఫోను కొంటే కిలో టమోటా ఉచితమని ఎక్కడో బోర్డు పెట్టారట, దాన్ని చూపించి నవ్వారు. మా వీధిలో ఒకామె, వేసవిలో నా చెల్లెలి చేతి నుంచి సంచీ నిండా ఊరికే తీసుకున్నామె, "రైతులు దోచుకుంటున్నారు టీచరమ్మా" అంది నాతో. నేను తలుపు వేసుకున్నాను. వేసిన చప్పుడు ఆమెకు వినపడే ఉంటుంది.

అదే నెలలో చెల్లెలు నర్సరీలో టమోటా నారు కొనడానికి మదనపల్లె వచ్చింది. చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ పనే చేస్తున్నాయి. "అందరూ నాటుతాండారమ్మీ, కాపు ఒకేసారి వస్తే ఏమవుతాది?" అన్నాను. "నాటకపోతే గుత్త యాడనుంచి తెచ్చేది?" అంది. నారు ట్రేలు మా వరండాలో నీడకు పెట్టి, నాతో పాటు చర్చికి వచ్చింది.

ఆ రోజు ప్రార్థన చేసింది మా సంఘ పెద్ద. పెద్ద ఉద్యోగం చేసి పెన్షను తీసుకుంటున్న మనిషి. దేశం కోసం, నాయకుల కోసం చేసి, గొంతు పెంచి, "ప్రభువా, పేదవాళ్లు కూర వండుకోలేకపోతున్నారు, టమోటా ధర దిగి వచ్చేటట్లు చేయి" అన్నాడు. ఇది టమోటా మీద బతికే ఊరు. ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లలో సగం మందికి తోటలున్నాయి, లేకపోతే అన్నదమ్ములకున్నాయి, లేకపోతే మండీల్లో పని ఉంది. అందరూ కళ్లు మూసుకుని ఆమెన్ అన్నారు. నా పక్కన నా చెల్లెలు కూడా అంది!

బయటికి వచ్చాక "నీ పంటకు నువ్వే ఆమెన్ చెప్పుకుంటివే" అన్నాను. "అందరూ అంటాంటే నోట్లోనుంచి వచ్చేసిందిలే అక్కా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆగస్టులో చంద్రయాన్ దిగిన సాయంత్రం మా వీధిలో టపాకాయలు కాల్చారు. నాకూ ఒళ్లు పులకరించింది, కాదనను. చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. ఆమె మొక్కలకు కట్టెలు నాటి పురికొస కడుతోంది. "మంచిమాటే అక్కా. ఈడ పొద్దున్నుంచి కరెంటు లేదు, మొక్క వాడిపోతాండాది" అంది. అయినా ఆ తోట అందంగా వచ్చింది. నేను వెళ్లి చూశాను. కాయ గట్టిగా, గుత్తులు గుత్తులుగా ఉంది. ఆమె ఆ వరసల మధ్య నడిచే తీరు చూస్తే, గుత్త గండం గట్టెక్కినట్టేనని నాకూ అనిపించింది.

సెప్టెంబరులో ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనంలో, చట్టసభల్లో ఆడవాళ్లకు సీట్లిచ్చే బిల్లు పాసయింది. టీవీలో ఆడవాళ్లు ఒకరికొకరు మిఠాయి తినిపించుకుంటున్నారు. ఆ రోజుల్లోనే నా చెల్లెలు ఆటో నిండా టమోటా వేసుకుని మదనపల్లె యార్డుకు వచ్చి, నన్ను కూడా రమ్మంది. యార్డులో కాలు పెట్టే చోటు లేదు. ఎర్రటి కుప్పలు, వాటి పక్కన తువ్వాలు పరుచుకుని కూర్చున్న మనుషులు. మండీ అతను మా సరుకు ముందు ఆగాడు, వేలం పాడాడు, ఎవరూ పాట పెంచలేదు. వచ్చేది ఆటో బాడుగకు కూడా చాలదు. ఒక్క మైకు కూడా కనపడలేదు ఆ రోజు.

తిరిగి తీసుకుపోయే దానికంటే పారబోయడమే మేలని ఆటో డ్రైవరు చెప్పాడు. ఊరి బయట రోడ్డు పక్కన ట్రేలు ఒక్కొక్కటే వంచింది. ట్రేలు అద్దెవి, వాటిని మాత్రం తుడిచి భద్రంగా పేర్చింది. స్కూటరు మీద పోతున్న ఒకాయన ఆగి, "బాగుండాయి గదమ్మా, యాల పారబోస్తాండారు?" అంటూ సంచీ తీశాడు. నేను కసురుకునేలోపే చెల్లెలు వంగి, మంచి కాయలు ఏరి అతని సంచీలో వేసింది. "కింద పడినవి వద్దప్పా, ఇవి తీసుకో" అంది. ఆ స్కూటరు మనిషి మీద ఎంత కోపం వచ్చిందో, ఏరి ఇస్తున్న ఆమె చేతుల మీద కూడా అంతే వచ్చింది.

నవంబరులో క్రికెట్ ఫైనల్. మదనపల్లెలో పెద్ద తెర కట్టి చూశారు. మనవాళ్లు ఓడిపోయాక, ఎవరో చచ్చిపోయినట్లు మీసాలొచ్చిన మగవాళ్లు ఏడ్చారు. పదకొండు మంది ఆటలో ఓడితే దేశం అన్నం మానేసింది. ఆ వారంలోనే పొలం యజమాని చెల్లెల్ని పిలిచి, గుత్త ఇంకొకరికి ఇచ్చేశానని, ఏడాది చివరికి ఇల్లు ఖాళీ చేయమని చెప్పాడు. ఆమె కోసం ఎవరూ అన్నం మానలేదు. రేకుల ఇంట్లో సామాను కడుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఉత్తరాదిన సొరంగంలో చిక్కుకున్న కూలీలను అప్పుడే బయటికి తీశారు. "అందరూ బతికే వచ్చినారా?" అని అడిగింది. అందరూ అన్నాను. "దేవుడు గొప్పోడు" అని మళ్లీ మూట కట్టడం మొదలుపెట్టింది.

డిసెంబరులో నేను చదవాల్సినవి సిద్ధం చేసుకుని మా పాస్టరు అయ్యగారికి చూపించాను. సంఘ పెద్ద అక్కడే ఉన్నాడు. మణిపూర్‌లో మనుషులు చచ్చి, చర్చీలు కాలిన సంగతి రాశాను. "అది రాజకీయం టీచరమ్మా, వద్దు" అన్నాడు. అయ్యగారు తల వంచుకున్నారు. తర్వాత ఆ పెద్దే, "ఒక ముఖ్యమైనది మర్సిపోయినారు. టమోటా ధర తగ్గింది గదా! జులైలో మనం అడిగితిమి, దేవుడు ఆలకించినాడు. ఆ మేలును సెప్పుకోకపోతే ఎట్ల?" అన్నాడు. నా చెల్లెలి సంగతి ఆయనకు తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. "ఒకరిద్దరికి నష్టం ఉంటాదమ్మా, సంఘం మొత్తానికి మేలు సూడాల" అన్నాడు. కాలిపోయిన చర్చీలు రాజకీయం, నా చెల్లెలి పొలం పోవడం మేలు! నేను ధర తగ్గిన సంగతి చేర్చుకున్నాను. ఎలా చదువుతానో మాత్రం చెప్పలేదు.

ఆదివారం చెల్లెలు వచ్చింది. మర్నాడు కుప్పం ప్రయాణం. రెండో వరసలో కూర్చుంది, ఇస్త్రీ చీర కట్టుకుని. నేను నిలబడి చదివాను. చంద్రుడికి వందనాలన్నారు. రైలు ప్రమాదానికి కనికరించమన్నారు. మణిపూర్‌ను కూడా చదివేశాను, నన్ను ఆపేవాళ్లు ఆపమని. కనికరించు అన్నారు, కొంచెం తడబడి. సొరంగానికి పెద్దగా వందనాలన్నారు. అప్పుడు కాగితం మడిచాను.

"జులైలో మనమంతా టమోటా ధర తగ్గాలని అడిగినాము. తగ్గింది. అందుకు నా చెల్లెలి పొలం పోయింది, ఇల్లు పోయింది. ఆమె ఇక్కడే కూర్చుని ఉంది. ఇప్పుడు ఆమె ముఖం చూసి వందనాలు చెప్పండి" అన్నాను.

వందనాలు రాలేదు, కనికరించు కూడా రాలేదు. సంఘ పెద్ద పాటల పుస్తకంలో పేజీలు తిప్పాడు. అయ్యగారు లేచి ఆశీర్వాదం చెప్పి ముగించారు. నాకు చల్లబడినట్లయింది. ఆ చల్లదనం గేటు దాకా కూడా నిలవలేదు.

"నన్ను యాల నిలబెట్టినావు వాళ్ల ముందర?" అంది చెల్లెలు. "పొలం పోయింది సరే. తలెత్తుకోని కూసోని ఉంటిని గదా, అదీ పోగొడితివి. నీకేమక్కా, కోపం తీర్సుకుంటివి." ఆ రాత్రి మా ఇంట్లో తినకుండానే పడుకుంది.

నెల తర్వాత కుప్పం వెళ్లాను, ఆమె నన్ను పిలవకపోయినా. అల్లుని ఇంట్లో ఊరికే కూర్చోలేక, పొద్దున రైలుకు బెంగళూరు పోయి ఒక పెద్ద ఆఫీసులో నేల తుడిచి, సాయంత్రం రైలుకు తిరిగి వస్తోంది. స్టేషన్ దగ్గర ఎదురుచూస్తుంటే మెళ్లో గుర్తింపు కార్డుతో దిగింది. నన్ను చూసి నవ్వింది, అంతే. ఇంటికి పోతూ దారిలో కూరగాయల దగ్గర ఆగింది. పల్లె నుంచి వచ్చిన ఒకామె గోనెపట్టా మీద టమోటా పోసుకుని కూర్చుంది. చెల్లెలు కూర్చుని, కాయ నొక్కి చూసి, చెప్పిన ధరలో సగానికి అడిగింది. అమ్మే ఆమె గిట్టదంది. చెల్లెలు లేచి వెళ్లబోయింది. ఆమె పిలిచింది. చెల్లెలు ఇంకా తగ్గించమంది.

నేను ఆగలేకపోయాను. "అమ్మీ, నువ్వేనా ఇట్ల అడిగేది?" అన్నాను.

చెల్లెలు నా వైపు చూడలేదు. సంచీ నోరు విప్పి పట్టుకుని, "నా జీతానికి ఆ ధర ఎక్కువక్కా" అంది.

అమ్మే ఆమె చెల్లెలు అడిగిన ధరకే తూచి, పైన ఇంకో రెండు కాయలు వేసింది.