నా క్లచ్ కాలు, మా ఫిజియో మేడమ్

మొన్న ఆదివారం పొద్దున సికింద్రాబాద్ కార్ఖానా పేట నుంచి ఫోన్ వచ్చింది. మా ఫిజియో మేడమ్ పోయారని వాళ్ల చెల్లెలు చెప్పింది. ముందురోజు సాయంత్రం దాకా పేషెంట్లను చూశారట. ఛాతీలో నొప్పి అన్నారట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఫోన్ పెట్టేసి నా ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకున్నాను. ఇది మళ్లీ మొరాయిస్తే ఎవరి దగ్గరికి పోవాలి అన్న భయమే ముందు వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది.

నేను సిటీ బస్సు డ్రైవర్ని. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి కార్ఖానా, నేరేడ్‌మెట్ మీదుగా కాప్రా దాకా చాలా ఏళ్లు తిప్పాను. ఆ రూట్లో సిగ్నళ్లు ఎక్కువ. కారు నడిపేవాళ్లకు ట్రాఫిక్ జామ్ అంటే చిరాకు, మాకేమో ఎడమ కాలు. క్లచ్ తొక్కాలి, వదలాలి, మళ్లీ తొక్కాలి. కొన్నాళ్లకు డ్యూటీ దిగేటప్పుడు మోకాల్లో సూది గుచ్చినట్టు ఉండేది. ఇంటికెళ్లి నూనె రాయించుకుని పడుకునేవాణ్ని.

ఒకరోజు స్కూళ్లు మొదలయ్యే వేళ, నేరేడ్‌మెట్ దగ్గర రైలు పట్టాల మీది బ్రిడ్జి ఎక్కుతుంటే ముందు వాహనాలన్నీ ఆగిపోయాయి. ఎత్తులో క్లచ్ సగమే తొక్కి, బస్సును ఆ హాఫ్ క్లచ్ మీద ఆపి పట్టుకున్నాను. ఉన్నట్టుండి మోకాలు పట్టేసింది. కాలు నాది కానట్టయింది. బండి వెనక్కి జారింది. చెయ్యి ఎలా పోయిందో, హ్యాండ్ బ్రేక్ లాగేశాను. అద్దంలో చూస్తే బస్సుకు ఆనుకున్నట్టే ఒక ఆటో. నిండా బడిపిల్లలు. ఆటో పక్కలకు తగిలించిన వాటర్ బాటిళ్లు ఇంకా ఊగుతున్నాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆటో అతను నాలుగు తిట్టి, పక్కనుంచి దారి చేసుకుని పోయాడు. కానీ ఆ ఊగే బాటిళ్లు నన్ను వదల్లేదు. అన్నం ముందు కూర్చున్నా అవే. కాలు పనిచెయ్యట్లేదని నేనే డిపోలో చెప్పాను. బండి దింపేసి, బస్సుల టైములు రాసుకునే గదిలో కూర్చోబెట్టారు. మెడికల్ పరీక్షలో నెగ్గితేనే మళ్లీ స్టీరింగ్ అన్నారు. ఫెయిలై గేటు దగ్గర వాచ్‌మన్‌గా మిగిలిన డ్రైవర్ల సంగతులు తోటివాళ్లు చెబుతుంటే వినలేక బయటికి వచ్చేసేవాణ్ని. ఎక్స్‌రే చూసిన డాక్టరు గుజ్జు కొంత అరిగిందనీ, ఆపరేషన్ మాట తర్వాత, ముందు ఫిజియోథెరపీ చేయించుకొమ్మనీ పంపాడు.

కార్ఖానా మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే, పెంకుటింటి ముందు గదిలో ఉండేది మేడమ్ సెంటర్. మీలో ఎవరైనా అక్కడికి పోయివుంటే ఆమెను మర్చిపోయి ఉండరు. నేత చీర, కాళ్లకు మగవాళ్లు వేసుకునేలాంటి స్పోర్ట్స్ బూట్లు, బుగ్గన లవంగం. గుంటూరు వైపు నుంచి చిన్నప్పుడే వచ్చేశారు గానీ మాటలో ఆ సాగదీత పోలేదు. మోకాలు ముట్టుకునే ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చబరచుకునేవారు. మేము కాలెత్తి పట్టుకుని వణుకుతుంటే పక్కన నిలబడి చర్చి పాటేదో సన్నగా కూనిరాగం తీసేవారు. ఆ చరణం అయ్యేదాకా కాలు దించడానికి లేదు. కొన్ని చరణాలు మరీ పొడుగు.

మొదటిరోజే నూనె సంగతి అడిగి నవ్వారు. "నూనె రాస్తే మోకాలు మెరుస్తుందండీ, నిలబడదు" అన్నారు. తొడ కండ చెయ్యాల్సిన పని చెయ్యకపోతే ఆ బరువంతా మోకాలి మీదే పడుతుందని చెప్పారు. నా రెండు తొడల మీదా టేపు చుట్టి చూపించారు. ఎడమది సన్నబడింది. రోజూ తొక్కే కాలే బలమైందని అన్నాళ్లూ నమ్మినవాణ్ని.

చుట్టిన తువాలు మోకాలి కింద పెట్టి అదమడం, చీలమండకు ఇసుక మూట కట్టుకుని కాలెత్తడం, గోడకు వీపు ఆనించి కిందికి జారి ఆగడం. ఇంటి దగ్గర ఇసుక మూట లేక మా ఆవిడ చిన్న బియ్యం సంచి కుట్టింది. నేను చేస్తున్నంతసేపూ ఎదురుగా కూర్చుని నా కాలు కాదు, మొహం చూసేది. నేను పళ్లు బిగిస్తే ఆమె పళ్లు బిగిసేవి.

మేడమ్ దగ్గర నాకు భయం పుట్టించిన సంగతి ఒకటే. నయమైపోతుంది అని ఆమె ఎప్పుడూ అనేవారు కాదు. ఎప్పుడడిగినా "చూద్దాం" అనేవారు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి దానికి వంద అర్థాలు తీసేవాణ్ని.

పరీక్ష దగ్గరపడింది. మెట్లు ఎక్కగలుగుతున్నాను, దిగేటప్పుడు మాత్రం కాలు అప్పుడప్పుడూ వణుకుతోంది. ఒక సాయంత్రం అందరూ వెళ్లాక, పూర్తిగా నయమైందని ఒక ముక్క రాసిస్తే డిపోలో చూపించుకుంటానని అడిగాను. ఆమె కోప్పడలేదు.

"నేను రాసిస్తే మీ మోకాలు చదువుకుంటుందాండీ?" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. లేవబోతే కూర్చోమన్నారు. అసలు నా భయం నొప్పి గురించి కాదని ఆమెకు అనుమానం వచ్చినట్టుంది. ఆ రోజు బ్రిడ్జి మీద ఏం జరిగిందో మొత్తం చెప్పమన్నారు. డిపోలో కాలి సంగతి చెప్పాను గానీ ఆటో సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. ఆమెకు చెప్పాను.

"మేడమ్, తక్లీఫ్ ఎంతైనా ఓర్సుకుంట. మళ్ల గట్లనే కాలు పట్టేస్తే ఏందని పరేషాన్. ఆ పిల్లలు యాదికొస్తే స్టీరింగ్ సుత పట్టబుద్ధి అయితలేదు."

ఆమె లవంగం నమలడం ఆపేశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "నొప్పి వేరు, భయం వేరు డ్రైవరు గారూ. రెండూ ఒకే చోట కూర్చుంటే ఒకటే అనుకుంటాం. మీకు పరీక్ష పెట్టేది డిపో డాక్టరు కాదు, ఆ బ్రిడ్జి. దానికి చదువుదాం."

డిపోలో గడువు అడిగితే ఆఫీసరు విసుక్కుంటూనే ఇచ్చాడు. మేడమ్ రోడ్డు మీది వెల్డింగ్ షాపులో చెప్పి, చెక్క పలకకు గట్టి స్ప్రింగు పెట్టించి క్లచ్ పెడల్ లాంటిది చేయించారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, సగం తొక్కి అలాగే పట్టుకోమనేవారు. కండ అలిసి వణుకు మొదలయ్యాక, "ఇది పట్టేయడం కాదు, అలిసిపోవడం. తేడా గుర్తుపట్టండి" అనేవారు. నాకు చెమటలు పట్టేవి. రాను రాను ఆ వణుకు ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతుందో తెలిసింది. తెలిశాక కొంచెం మచ్చికైంది.

పరీక్షలో గొంతుక్కూర్చుని లేవమన్నారు, ఒంటికాలి మీద నిలబడమన్నారు, మెట్లు దింపించారు. కాగితం మీద డాక్టరు పెన్ను ఆగినంతసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. నెగ్గాను. ఆ సంతోషం వారం లోపే పోయింది. డ్యూటీ వేశారు, అదే రూటు.

ఆ పొద్దున స్టేషన్ దగ్గర బండి తీశాను. కార్ఖానా స్టాపులో ఆపితే మేడమ్ ఎక్కారు. నేను ఏ రోజు డ్యూటీ ఎక్కుతానో ఆమెకు చెప్పలేదు. మా ఆవిడ చెప్పి ఉంటుంది. నన్ను పలకరించలేదు. నా కాలు కనిపించే ముందు సీట్లో కూర్చుని కాప్రాకు టికెట్ తీసుకున్నారు. కాప్రాలో ఆమెకు ఏ పనీ లేదని నాకు తెలుసు.

బ్రిడ్జి ఎక్కేటప్పుడు జామ్ అయింది. హాఫ్ క్లచ్ మీద బండి ఆపాను. వెనక అద్దంలోకి చూడొద్దు అనుకుంటూనే చూశాను. స్కూటర్లు, ఒక పాల వ్యాను. తొడలో వణుకు మొదలైంది. లోపలి అద్దంలో మేడమ్ కళ్లు నా కాలి మీదే ఉన్నాయి. పర్సు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు. అప్పుడు అర్థమైంది, ఆమె కూడా భయపడుతున్నారని. ఇది అలుపే అని నాకు నేను చెప్పుకున్నాను. ముందు లారీ కదిలింది. మెల్లగా క్లచ్ వదిలాను. బస్సు ఒక్క అంగుళం కూడా వెనక్కి పోకుండా ముందుకు కదిలింది.

కాప్రాలో ఆమె దిగలేదు. కూర్చున్నచోటే కూర్చుని తిరుగు టికెట్ తీసుకున్నారు.

తిరుగు దారిలో బ్రిడ్జి దాటాక అద్దంలోకి చూశాను. మేడమ్ కిటికీ కడ్డీకి తల ఆనించి నిద్రపోతున్నారు. నోరు కొద్దిగా తెరుచుకుంది. పర్సు ఒళ్లో పక్కకు ఒరిగింది. ఎండ ఆ బూట్ల మీద పడి, కొమ్మలు అడ్డొచ్చినప్పుడల్లా పోతూ, మళ్లీ వస్తూ ఉంది. కార్ఖానా దాకా ఎన్ని గుంతలున్నాయో అన్నీ తప్పించాను. స్టాపులో క్లచ్ తొక్కి, బ్రేకు ఎంత మెల్లగా వేశానంటే, బస్సు ఆగినా ఆమె తల కదల్లేదు.