లేని కంప్యూటర్‌కు కుట్టిన కవరు

లావుపాటి మానిటర్ల కాలమది. మెట్టకూరులో ఉండగా మా ఆయన కంప్యూటర్ కొంటానన్నారు. టీవీకీ మిక్సీకీ కుట్టినట్టే దానికీ కవరు ఉండాలని, నేను నెట్ సెంటర్‌కు వెళ్లి అక్కడి మానిటర్‌ను టేపుతో కొలిచి వచ్చాను. పూలగుడ్డతో, అంచుకు కుచ్చులు పెట్టి వెంటనే కుట్టేశాను. కంప్యూటరే రాలేదు.

"కాస్త ఆగవే. కొత్త చిప్ వస్తుందంట. ఇప్పుడు కొంటే పాతదైపోద్ది," అనేవారు. ఆ చిప్ వచ్చేసరికి పేపర్లో ఇంకోదాని కబురు ఉండేది. ఆయన ఆశ ఆయనది. నాకు మాత్రం ఒళ్లు మండేది. కవరు నలిగిపోతుందని, ముందే కొన్న కంప్యూటర్ బల్ల మీద ఖాళీ అట్టపెట్టె పెట్టి దానికి తొడిగాను. చూసినవాళ్లు కంప్యూటరే అనుకున్నారు. నేను కాదనలేదు. దుమ్ము పడుతుందని ఎవరినీ కవరు ఎత్తనివ్వలేదు కూడా.

చివరికి అట్టపెట్టెను అటకెక్కించి, పల్చటి తెరతో సరికొత్త కంప్యూటర్ తెచ్చి పెట్టారు. ఆయన మొహం వెలిగిపోతోంది. పక్కింటావిడ చూడడానికి వచ్చింది. కాసేపు అటూ ఇటూ చూసి, నా చెవిలో మెల్లగా అంది.

"ఏమనుకోకండి గానీ, మీ పాతదే బాగుండేదండి. బల్ల నిండా ఉండేది."