మనోళ్ల ఓట్లు

ఏప్రిల్‌లో మొదటిసారి ఏసీ వేసినప్పుడు జాలీలోంచి ఒక వాసన వస్తుంది. చలికాలమంతా లోపల పేరుకున్న దుమ్ము, తడి ఇనుము, ఎండని గుడ్డ, మూడూ కలిసిన వాసన. అందరూ ముక్కు మూసుకుంటారు, నేను మాత్రం గట్టిగా పీల్చుకుంటాను, ఎందుకంటే అది మా నాయన చొక్కా వాసన. కువైట్‌లో ఇదే హవల్లీలో ఆయన ఇరవై ఏళ్లు ఏసీలు బాగుచేశాడు, నేనిప్పుడు ఇక్కడే బడిలో లెక్కలు చెబుతున్నాను. మొన్న స్టాఫ్‌రూములో అట్లాగే ఏసీ వేసి కూర్చుంటే అమెరికా అధ్యక్ష పదవికి పోటీ పడేవాళ్ల మీదికి మాట మళ్లింది. ఈ కాలంలో సొంత రాష్ట్రమైనా గెలుస్తారన్న నమ్మకం ఉందా అని ఒకరంటే, ఎక్కడ పోయినా పుట్టినచోటు ఎక్కడికి పోతుంది అని ఇంకొకరు కొట్టిపారేశారు. నాకు నవ్వాగలేదు. ఎక్కడికి పోతుందో నాకు పదేళ్ల వయసులోనే తెలుసు.

మేముండే బిల్డింగు నాలుగంతస్తులది. వేసవిలో కిటికీల కింద ఏసీ నీళ్లు బొట్లు బొట్లుగా కారుతుంటే, ఏ ఇంటి బొట్టు ముందు నేలకు పడుతుందా అని పిల్లలం పందేలు కాసుకునేవాళ్లం. సందు చివర పొయ్యిలోంచి తీసిన ఖుబ్జ్ రొట్టె ఇంటికి తెచ్చేలోపు అంచులన్నీ కొరికేసేవాళ్లం. శుక్రవారం వస్తే మా ఇంట్లో ఉగ్గాని, బజ్జీలు. కడప, రాయచోటి మనుషులతోపాటు గోదావరి వాళ్లు కూడా వచ్చేవాళ్లు. నాయన వడ్డన చూసి తీరాలి. ముందు గోదావరి వాళ్లకు, తర్వాత పక్కింటి వాళ్లకు, ఆ తర్వాత మా జిల్లా వాళ్లకు, అందరికంటే చివర అమ్మకూ నాకూ. బజ్జీలు అప్పటికి అడుగంటేవి. “మనోళ్లు ఏమనుకుంటార్లే” అనేవాడు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో! నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు, పంతొమ్మిదివందల తొంభైలో, ఆయనకు సెలవు దొరక్క మేం ఊరికి పోలేదు. ఆగస్టులో ఒక పొద్దున లేచేసరికి ఇరాకు ట్యాంకులు రోడ్డు మీదున్నాయి. పనులు ఖలాస్, బడి ఖలాస్, దుకాణాలు సగం మూత. వారం తిరిగేలోపు రుమైథియా నుంచి ఐదుగురు ఆడవాళ్లు నడుచుకుంటూ మా బిల్డింగుకు వచ్చారు. అందరూ మా జిల్లా వాళ్లే, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు. వాళ్లలో పెద్దది ఓబులమ్మ. మామా వాళ్లు, అంటే యజమానురాలి ఇంటివాళ్లు, కార్లెక్కి సౌదీ వైపు వెళ్లిపోతూ వంటింటి తాళం ఆమె చేతిలో పెట్టారట. పాస్‌పోర్టు మాత్రం వీసా ఇచ్చిన కఫీల్ బీరువాలోనే ఉండిపోయింది. ఐదుగురిలో ఒక్కరి దగ్గరా కాగితం ముక్క లేదు. దారిలో సైనికులు ఆపిన ప్రతిచోటా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చామని చెబుతూ ఓబులమ్మ ఏడ్చింది. రాయచోటి దగ్గర ఆమెకు ఇద్దరు పిల్లలున్నారు. వాళ్లది నా వయసే.

రెండో అంతస్తులో ఖాళీగా ఉన్న ఇంట్లో నాయనే వాళ్లను ఉంచాడు. రొట్టె దొరికినా, నీళ్ల ట్యాంకరు వచ్చినా పంచేది ఆయనే, అదే పాత వరసలో. ఒకరోజు వాళ్ల వంతు వచ్చేసరికి ఒక్క రొట్టే మిగిలితే దాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి వాళ్లకు పంపాడు, ఒకటి అమ్మకూ నాకూ ఇచ్చాడు. తాను తినలేదు. ఆయన మంచితనంలో లోటు లేదు. వాళ్లకు దొరికింది సగం రొట్టే.

అప్పుడే బస్సుల కబురు వచ్చింది. బస్రా మీదుగా జోర్డాన్ దాకా బస్సులు, అక్కణ్నుంచి విమానం. ప్రతి బిల్డింగుకూ ఒక ప్రెసిడెంటు ఉండాలి, ఎవరు ముందు ఎక్కాలో వరసగా రాసి అతనే జాబితా ఇవ్వాలి. మొదటి బస్సుకు సీట్లు కొన్నే, రెండోది ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పేవాడు లేడు. కాగితాలు లేనివాళ్లకు ఆ జాబితాలో పేరే పాస్‌పోర్టు.

నాయన నిలబడ్డాడు. ఆయన మీద, షుఐబాలో స్టోర్‌కీపరుగా చేసే గోదావరి రాజుగారు నిలబడ్డారు. పెద్దవాళ్లకు తలా ఒకటి లెక్కన ఓట్లు పందొమ్మిది. అందులో మావాళ్లు పదకొండు, గోదావరి వాళ్లు ఎనిమిది. “మనోళ్లు మనకు ఏయక ఎవురికేచ్చారు?” అని నాయన నిశ్చింతగా ఉన్నాడు. మా జిల్లా వాళ్ల గడప తొక్కలేదు, రోజంతా గోదావరి వాళ్ల ఇళ్లల్లోనే కూర్చుని మాట్లాడాడు. అదే సాయంత్రం రాజుగారు నోటుబుక్కు పట్టుకుని ఓబులమ్మ వాళ్ల గుమ్మం ముందు నిలబడి ఉండటం నేను చూశాను. ఒక్కొక్కరి పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, కఫీల్ పేరు, ఒంట్లో ఎట్లా ఉందో అడిగి రాసుకుంటున్నారు. నాయనకు చెప్పాను. రాసుకోనీలే అన్నాడు.

నాయన స్నేహితుడు, మా జిల్లావాడే అయిన డ్రైవరు మస్తాన్ మామ పాలపొడి డబ్బా ఒకటి తెచ్చాడు. నాయనకైతే శనగగింజ, రాజుగారికైతే ఖర్జూరపు గింజ. పిడికిలి మూసి డబ్బాలో పెట్టి వదలాలి. చదువురాని వాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత మెట్ల దగ్గర ఓట్లు పడ్డాయి. పిల్లలకు అబద్ధం చేతకాదని గింజలు లెక్కపెట్టే పని నాకిచ్చారు. చాప మీద డబ్బా బోర్లించాను. శనగలు ఐదు. రెండోసారి లెక్కపెట్టాను. ఐదే. మూడోసారి లెక్కపెడుతుంటే నాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ రోజు ఆయన ముఖం చూడటం నా వల్ల కాలేదు.

కాసేపటికి ఆయన రెండో అంతస్తుకు దిగాడు. నేనూ వెనకే పోయాను. కోపం లేదు ఆయన గొంతులో, ఉంటే బాగుండేది. “నేనేం తప్పు చేసినాను మీకు?” అన్నాడు.

ఓబులమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. “తప్పు చేసినావని ఎవురన్యారన్నా? నువ్వు మంచోడివే. మనోడివి కాబట్టే ఏయలేదు” అంది. “రొట్టెకాడ మమ్మల్ని కడాన నిలబెట్టినావు, నీళ్లకాడ కడాన నిలబెట్టినావు. మనోళ్లకు ముందు పెట్టినాడంటారని నీకు బయం. బస్సుకాడా అదే చేచ్చావు. రాజుగారు మా ఓటు కావాలని వచ్చి మా పేర్లు రాసుకున్యాడు. నా పూర్తి పేరు నీకు తెలుసా అన్నా?”

నాయనకు తెలియదు. నెలరోజులుగా అన్నం పెడుతున్నాడు గానీ ఓబులమ్మ అనే తప్ప ఇంకేం తెలియదు. నువ్వన్నది నిజమేనమ్మా అని మెట్లెక్కి వచ్చేశాడు.

మొదటి బస్సు జాబితాలో ఐదుగురి పేర్లూ మొదటి ఐదు వరసల్లో ఉన్నాయి. రాజుగారు తన ఊరి వాళ్లను రెండో బస్సుకు వేశారు. వాళ్లు అలిగి ఆయనతో మాట్లాడటం మానేశారు, అది వేరే కథ. వాళ్లతోపాటు మేమూ రెండో బస్సెక్కాం. అది పది రోజులకు గాని రాలేదు. ఆ పది రోజులూ నాయన గింజల మాటే ఎత్తలేదు. నాకు మాత్రం లెక్క కుదర్లేదు. మావాళ్లు పదకొండు. ఐదుగురు ఆడవాళ్లు పోతే ఆరు ఉండాలి. శనగలు ఐదే. ఆ ఒక్క గింజ ఎవరిదా అని బస్సులో, జోర్డాన్‌లో మమ్మల్ని ఉంచిన గుడారాల్లో, విమానంలో కూడా ఆలోచించాను. మస్తాన్ మామ మీద అనుమానంతో చాలా ఏళ్లు ఆయనతో ముభావంగా ఉన్నాను. పాపం, ఎందుకో ఆయనకు తెలియనే తెలియదు.

ఇప్పుడు ఆ బిల్డింగు లేదు, ఆ చోట కార్లు నిలుపుతున్నారు. పందేలు కాసే పిల్లలూ లేరు, ఇప్పటి ఏసీల నీళ్లు గొట్టాల్లోనే పోతాయి. నాయన పోయి ఆరేళ్లయింది. అమ్మ నా దగ్గరే ఉంటుంది. స్టాఫ్‌రూము మాటలు ఇంటికొచ్చి చెప్పి, ఆ ఆరో ఓటు మస్తాన్ మామదేనంటావా అని అడిగాను. అమ్మ బెండకాయలు తరగడం ఆపలేదు.

“నాది” అంది.

ఎందుకు అన్నాను. “ఓబులమ్మోళ్లను కడాన రాచ్చాడని వాళ్లు బయపడినారు. వాళ్ల కింద రాసేది ఎవుర్ని? నన్నూ నిన్నూ” అంది. “చేతిలో పదేండ్ల ఆడబిడ్డను పెట్టుకుని శనగ ఎట్లేచ్చానే?”

నాయనకు తెలుసా అన్నాను. అమ్మ కత్తి పక్కన పెట్టింది. “నేనేం చెప్పలేదు. బస్సు తలుపు తెరుస్తానే అందర్నీ ఆపి, ముందు నువ్వెక్కు అన్యాడు నాతో. పెండ్లయినాక అదే మొదటిసారి” అని చెంగుతో కళ్లు తుడుచుకుంది.