బరువు కోసం ఎక్కినవాళ్ళు

నా చిన్నప్పుడు మా నాయన ఒక పాత కారు నడిపేవాడు. పోతిరెడ్డిపల్లి చుట్టుపక్కల షిఫ్టు మనుషులను పటాన్‌చెరు ఫ్యాక్టరీల దగ్గర దింపి, షిఫ్టు దిగినవాళ్ళను ఇళ్ళకు తెచ్చేవాడు. అయిదుగురు పట్టే బండిలో పదిమంది ఎక్కేవాళ్ళు. డిక్కీ తలుపు పైకి కట్టేసి అందులో కూడా కూర్చునేవాళ్ళు. ఆ బరువుకు వెనక భాగం నేలకు రాసుకుంటోందని, బండిని మోసే ఇనుప కమాన్ కట్టలకు రెండేసి పట్టీలు ఎక్కువ వేయించాడు నాయన. ఆ రోడ్డు మీద కిరాయి బండ్లు నడిపేవాళ్ళందరూ చేసే పనే అది. ఇక ఎంతమంది ఎక్కినా తన బండి కుంగదని వాడకట్టంతా చెప్పుకున్నాడు. బండికి ఒంట్లో బాగాలేకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు. మనుషుల సంగతి తరవాత.

నాకు పదేళ్ళప్పుడు అమ్మకు వెన్నులో గడ్డ లేచింది. పట్నంలో దవాఖానాకు తీసుకుపోతే గడ్డ కరగడానికి వారానికోసారి మిషను కింద పడుకోబెట్టి కరెంటు పెట్టాలన్నారు. ప్రతి సోమవారం షిఫ్టు వాళ్ళ పని అయ్యాక, నాయన అమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి బయలుదేరేవాడు. నేను ముందు సీట్లో ఆయన పక్కన, అద్దం దించుకుని గాలికి మొహం పెట్టి దొరసానిలా కూర్చునేదాన్ని. అమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. వాంతి వస్తుందేమో అనుకున్నాను. ఎట్లా ఉందని నాయన అడిగితే మంచిగనే ఉంది అనేది.

ఆ రోజుల్లోనే బండికి ఒక వణుకు పట్టుకుంది. కొంచెం స్పీడు పెంచగానే స్టీరింగు నాయన చేతుల్లో గజగజలాడేది. అమ్మకు ఇబ్బంది ఆ వణుకు వల్లే అని ఆయన గట్టి నమ్మకం. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చాడు. బోల్టులన్నీ బిగించాడు. చివరికి ముందు చక్రం రిమ్ము వంగిందని తేలితే దాన్ని మార్పించాడు. వణుకు పోయింది. ఆ సోమవారం పట్నం నుంచి వస్తూ, ఇప్పుడు బండి ఎంత నున్నగా పోతోందో చూశావా అని అమ్మను సంబరంగా అడిగాడు. అమ్మ అవునంది. ఇంటి ముందు ఆగాక మాత్రం ఇద్దరు పట్టుకుంటే గాని దిగలేకపోయింది.

అది మా పక్కింటి మేస్త్రి తాత చూశాడు. బొంబాయి రోడ్డు మీద లారీలు బాగుచేసి చేసి ముసలివాడైన మనిషి. మాట్లాడటం తక్కువ. మరునాడు నాయనను పిలిచి బండి సంగతి అడిగాడు. వణుకు పోయిందని నాయన చెప్పాడు. వణుకు వేరు, కుదుపు వేరు అన్నాడు తాత. నున్నటి రోడ్డు మీద స్పీడును బట్టి వచ్చేది వణుకు, దాన్ని చక్రాల్లో వెతకాలి. గుంటలో పడ్డప్పుడు తన్నేది కుదుపు, దాన్ని కమాన్ కట్టల్లో వెతకాలి.

అంతవరకు చెప్పి, బానెట్ తెరవలేదు, బండి కిందికీ దూరలేదు. చెప్పులు విడిచి వెనక సీట్లో అమ్మ పడుకున్నట్టే ఒక పక్కకు తిరిగి పడుకున్నాడు. కంది ఊరి దాకా పోయి రమ్మని నాయనకు చెప్పాడు. నేను ఎప్పటిలాగే ముందు ఎక్కాను. తిరిగి వచ్చాక తాత చాలాసేపు లేవలేదు. నడుము పట్టుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు.

"నీ సీట్ల కూసుంటే నీకేం తెలుస్తది కొడకా. పదిమంది కోసం కట్టిన పట్టీలు ఇవి, ఒక్క మనిషికి వంగుతయా? గుంట గుంటకు నీ పెండ్లాన్ని ఈపుల తన్నినట్టే ఉన్నది."

నాయన స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. అయిదు వారాలు అట్లాగే తీసుకుపోయాడు. తన చేతులకు తెలిసిన వణుకును బాగుచేసుకుని, ఆమె బాధ తీరిందనుకున్నాడు. అమ్మ కొంగు నోట్లో ఎందుకు కుక్కుకునేదో నాకు అప్పుడు అర్థమైంది.

పట్టీలు తీయించేస్తానని నాయన అంటే అమ్మ ఒప్పుకోలేదు. తీస్తే షిఫ్టు బరువుకు బండి కూలబడుతుంది, షిఫ్టు ఆగితే పిల్ల ఏం తింటుందని మంచం మీద నుంచే వాదించింది. డిక్కీలో ఇసుక బస్తాలు వేసి చూశారు. వెనక దిగింది గాని ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినలేదు. తాత బస్తాలు దింపించాడు. ఈ పట్టీలకు ఏ బరువు అలవాటో ఆ బరువే కావాలి, అంతటా సమంగా కూర్చునే మనుషుల బరువు, అన్నాడు. నాయనకు ఎవరినీ అడగడానికి నోరు రాలేదు. తాతే అడిగి ఉంటాడు.

తరవాతి సోమవారం పొద్దున నాయన రాత్రి షిఫ్టు వాళ్ళను తీసుకుని వచ్చాడు. బండి మా ఇంటి ముందు ఆగింది. వాళ్ళలో నలుగురు ఇళ్ళకు పోకుండా ఉండిపోయారు. వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళు ఇద్దరు వచ్చి వెనక సీటుకు చెరో చివర కూర్చుని, అమ్మ తల ఒకరు, కాళ్ళు ఒకరు ఒళ్ళో పెట్టుకున్నారు. ముందు తాత, ఇంకొకాయన. డిక్కీలో ముగ్గురు. నన్ను తాత ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. రాత్రంతా మిషన్ల దగ్గర నిలబడ్డ మనుషులు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాళ్ళు దిగి వచ్చిన ఫ్యాక్టరీ గేటు ముందు నుంచే బండి మళ్ళీ పోయింది. డిక్కీలో ఒకాయన, రేపటి హాజరు ఇయ్యాలనే ఏసుకోమందునా అని నవ్వించాడు. గుంట వచ్చింది. బండి ఒక్కసారి వంగి, మెల్లగా లేచింది. పటాన్‌చెరు దాటేసరికి అమ్మ నిద్రపోయింది. ఆమె లేస్తుందని పట్నం దాకా ఎవరూ మాట్లాడలేదు.

అట్లా నాలుగు సోమవారాలు వచ్చారు. అయిదో సోమవారం అమ్మ దవాఖానాలోనే పోయింది. పొద్దున మాతో వచ్చినవాళ్ళంతా వరండాలో గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నారు. తాత వెళ్ళి ఒక్కొక్కరినీ తట్టి లేపాడు. మధ్యాహ్నం అమ్మను వెనక సీట్లో పడుకోబెట్టారు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ అట్లాగే తల, కాళ్ళు ఒళ్ళోకి తీసుకున్నారు. మిగిలినవాళ్ళు బస్సులో పోవచ్చు, పోలేదు. ఎవరి చోట్లో వాళ్ళు ఎక్కారు. ఇప్పుడు వీళ్ళెందుకు ఎక్కుతున్నారు, అమ్మకు ఇంక తెలియదు కదా అని తాత చెవిలో అడిగాను.

"మీ నాయనకు తెలుస్తది బిడ్డా. ఖాళీ బండి ఎగిరినప్పుడల్లా ఆయన పానం పోతది."

ఆ రోజు నాయన దారిపొడుగునా ఎక్కడా ఆగలేదు. బండి ప్రతి గుంటలో మెత్తగా దిగి లేచింది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎవరింట్లో కష్టం వచ్చినా వెళ్ళి కూర్చుంటాను. ఓదార్చడం నాకు చేతకాదు. కూర్చుంటే చాలని ఆ మనుషుల దగ్గర నేర్చుకున్నాను. ఎవరైనా బాగానే ఉన్నానంటే మాత్రం ఊరుకోను, వాళ్ళ మంచం మీద నేనే పడుకుని చూస్తాను. నా కోడలు దీనికి విసుక్కుంటుంది కూడా.

ఒక్కటి మాత్రం నన్ను వదలదు. ఆ మొదటి అయిదు వారాలు నేను ముందు సీట్లో కూర్చున్నాను. పదేళ్ళ పిల్ల బరువెంత, నువ్వు వెనక కూర్చుంటే ఆ పట్టీలు వంగేవా అని మా ఆయన ఉన్నన్నాళ్ళూ నన్ను సముదాయించాడు. వంగేవి కావేమో. కాని అమ్మ తల నా ఒళ్ళోనైనా ఉండేది.