ముప్పై మంది చూసిన నా రిపోర్టు

గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ గోపన్‌పల్లిలో అత్తగారింట్లో ఉంటున్నప్పటి మాట. నాకు మూడో నెల. డాక్టరమ్మ మిగతా పరీక్షలతోపాటు హెచ్‌ఐవీ కూడా రాసి, "ఇద్దరూ చేయించుకోండి" అంది.

"నాకెందుకు మేడం? కడుపుతోనున్నది ఆమె గదా!" అని నవ్వేశాడు మా ఆయన. బిడ్డకు మంచిదని నేను మాత్రం రక్తం ఇచ్చాను. ఫారంలో ఆయన తన ఫోన్ నంబరు రాశాడు.

మర్నాడు రిపోర్టు ఆయన ఫోన్‌కు వచ్చింది. ఆయన వాళ్లమ్మకు పంపాడు. ఆవిడ దాన్ని ముప్పై మంది ఉన్న ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, "మా కోడలికి హెచ్‌ఐవీ గిట్ల ఏం లేదు" అని రాసింది. కింద మామలు, మరుదులు పెట్టిన చప్పట్ల బొమ్మలు! ఆఫీసు మీటింగులో కూర్చుని అది చూసిన నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడే టైప్ చేశాను: "అత్తమ్మా, డాక్టర్ ఇద్దరికి రాసింది. మీ కొడుకు రిపోర్టు ఎప్పుడు పెడ్తరు?"

రెండు రోజులకు మా ఆయన కిక్కురుమనకుండా ల్యాబుకు వెళ్లొచ్చి, "నాది బాగనే ఉన్నది. గ్రూపుల పెట్టకు, మంది ఏమనుకుంటరు?" అన్నాడు. నా రిపోర్టు ఊరేగినప్పుడు ఆ మంది గుర్తుకు రాలేదు మరి!

మొన్న మా తోడికోడలు నెల తప్పింది. "ఆ పరీక్ష వద్దక్కా, గ్రూపుల పెడ్తరు" అని వెనకాడింది. నేనే ల్యాబుకు తీసుకెళ్లాను. పెన్ను ఆమె చేతికిచ్చి, ఫారంలో ఆమె నంబరే రాయించాను.