ఎండాకాలంలో అడిగిన వాన

2004 వేసవి. విజయవాడ వినియోగదారుల ఫోరంలో నేను వకీలుగా కేసులు వాదిస్తున్న రోజులు. కంకిపాడు నుంచి మస్తాన్‌బీ గారు వచ్చారు. జాకెట్లు కుట్టి బతికే మనిషి. మోకాళ్ల నొప్పులు పోతాయని ఫోన్లో ఎవరో చెబితే, ఉన్న ఒక్క కుట్టుమిషనూ అమ్మి అయస్కాంతాల పరుపు కొన్నారు. నొప్పులు పోలేదు, మిషను పోయింది.

అయస్కాంతం ఇనుమును లాగుతుంది గాని నొప్పిని లాగదని మూఢనమ్మకాల మీద జరిగే సభల్లో గొంతు చించుకునేవాణ్ణి. ఆవిడతోనూ అదే అన్నాను.

"పరుపుని చూసి కొన్లేదండీ. రోజూ మజ్జాన్నం ఆ పరుపుల కంపెనీ పిల్ల ఫోన్ చేసేది. అమ్మా భోంచేశారా, మీ ఊళ్లో వాన పడతందా అని. కాలవ కట్టేశారు, నేలంతా నెర్రెలు. అయినా ఆ గొంతు వింటంటే చూరు నీళ్లు కారతన్నట్టే ఉండేదండీ. కళ్లు మూసుకుని వినేదాన్ని."

అన్‌ఫెయిర్ ట్రేడ్ ప్రాక్టీస్, అంటే మభ్యపెట్టి అమ్మడం, రుజువైతేనే ఆవిడకు మిషను డబ్బు తిరిగొచ్చేది. ఫోన్ మాటకు కాగితమేదీ? "నొప్పుల సంగతి ఆ పిల్ల సొంత పైత్యం. మేం ధర మాత్రమే చెప్పిస్తాం" అంది కంపెనీ, విచారణ రోజున. తప్పంతా తన మీద పడిన ఆ పిల్ల ఫోరం హాల్లో ఓ మూలన తలవంచుకుని నిలబడింది. కంపెనీ తరఫున సాక్ష్యానికి అక్కడే ఫోన్లు చేసే ఇంకో అమ్మాయి వచ్చింది.

"అవతలివాళ్లు ఫోన్ ఎత్తగానే ఏమంటావమ్మా?" అని అడిగాను.

అలవాటుగా రాగం అందుకుంది. "అమ్మా, భోంచేశారా? మీ ఊళ్లో వాన పడుతోందా? ముసురు పట్టిందంటే మోకాళ్లు సలుపుతాయి కదమ్మా, మా పరుపు మీద పడుకుంటే..." నాలుక కరుచుకుంది. కిటికీ బయట ఎండ మండిపోతోంది. కంపెనీ వకీలు ఫ్యాను వంక చూశాడు.

"నన్నే అడిగిందనుకున్నానే," అన్నారు మస్తాన్‌బీ గారు మెల్లగా.

ఇద్దరి నోటా ఒకటే పాఠం గనక నేర్పింది కంపెనీయేనని తేలి కేసు గెలిచాం. ఫోన్లో చేసే అమ్మకాలకు చట్టం కావాలని ఆ వారమే మా ఎమ్మెల్యేకి అర్జీ రాశాను. కొన్నవాళ్లు నిదానంగా ఆలోచించుకుని సరుకు తిప్పి పంపే హక్కుండాలి. శిక్ష మాటలు నేర్పినవాడికి పడాలి. నోరు అద్దెకిచ్చిన పిల్ల బోనులోనూ, ఆ మాటలు రాసిన పెద్దమనిషి ఏసీ గదిలోనూ ఉంటే అదేం న్యాయం? ఇది నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఆ రోజు వరండాలో తెలిసింది.

మస్తాన్‌బీ గారు ఆ రోజు విచారణ ముగియగానే నేరుగా వరండాలో నిలబడ్డ ఆ మొదటి పిల్ల దగ్గరికి వెళ్లారు. తిడతారేమోనని నేనూ వెనకే వెళ్లాను.

"ఫోన్లో స్వాతి అన్నావు. నీ అసలు పేరేంటే?"

"నాగలక్ష్మండీ."

ఆవిడ కొంగుతో ఆ పిల్ల మొహం తుడిచారు.

"భోంచేశావా, నాగలక్ష్మీ?"