నవ్వినవాళ్లు మూడుసార్లు అనాలి

"మీ సారు పోయిండ్రు బిడ్డా" అని పొద్దున్నే సారు భార్య ఫోన్ చేశారు. కాగజ్‌నగర్‌లో మాకు ఇంగ్లీషు చెప్పిన సారు. నేనిప్పుడు కరీంనగర్‌లో అదే ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నాను. అయినా ఆయన రిటైరయ్యాక ఒక్కసారీ చూడటానికి పోలేదు. తీరిక లేక కాదు, ముఖం చెల్లక.

మాది కాగితం మిల్లు ఊరు. క్లాసులో మరాఠీ వాళ్లు, బెంగాలీ వాళ్లు, హిందీ వాళ్లు, మేము. ఒక్క ఇంగ్లీషు మాటను తలా ఒక రకంగా పలికేవాళ్లం. సారు బోర్డు మీద మూడు గడులు గీసేవారు: లండన్, అమెరికా, మన ఊరు. మొదటి గడిలో షెడ్యూల్, రెండో దాంట్లో స్కెజూల్, మూడో దాంట్లో షెడూలు. "మూడూ రాసుకోండ్రి. యాడికి పోతె గాడి మాట పనికొస్తది. ఏదాన్నీ తప్పని కొట్టెయ్యకుండ్రి" అనేవారు.

రెకార్డ్, రికార్డ్‌లలో ఎక్కడ ఒత్తి పలకాలో ఆ తేడా అయితే నోటితో చెప్పలేదు, డస్టరుతో బల్ల మీద కొట్టి వినిపించారు. "వస్తువైతె ముందట కొట్టు, పనైతె ఎనుక కొట్టు." సుద్దపొడి లేచి ఆయనకే దగ్గొచ్చేది. నేనిప్పటికీ పిల్లలకు బల్ల కొట్టే చెప్తాను, అంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

ఆయన క్లాసులో ఒకే ఒక శిక్ష. ఎవరి మాటకు నవ్వితే ఆ మాటను అచ్చం వాళ్లలాగే మూడుసార్లు అనాలి. నా పక్కన కూర్చునే మరాఠీ పిల్ల 'జూ'ను 'ఝూ' అంటే నేను పగలబడి నవ్వాను. సారు లేపి నిలబెట్టారు. "నవ్వెతందుకు నోరు ఎంత తెరిచినవో, అనెతందుకు గూడ గంతే తెరువు." ఆ 'ఝ' నా నాలుకకు ఎంతకీ దొరకలేదు. మూడోసారికి నా నవ్వంతా దిగిపోయింది.

లండన్ వాళ్లలా, అమెరికా వాళ్లలా పలకగలిగిన మనిషి, బడిని మాత్రం 'ఇస్కూల్' అనేవారు. అడిగితే, "మా అవ్వ గట్లనే అనుకుంట నన్ను తోలింది" అని వాళ్లమ్మను తలుచుకున్నారు.

ఆయన రిటైరైన రోజు సన్మాన సభలో నేనూ మాట్లాడాను. అప్పటికి లెక్చరర్‌ని, అది కాస్త తలకెక్కి ఉంది. సారు గొంతు పెట్టి 'మన ఇస్కూల్' అన్నాను. సభంతా నవ్వింది, అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. దిగాక సారు టీ గ్లాసు అందిస్తూ, "మూడుసార్లు అనాలె గద బిడ్డా" అన్నారు, నవ్వుతూనే. బస్సుకు టైమైందని, మళ్లీ వచ్చినప్పుడు అంటానని చెప్పి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక గానీ తెలియలేదు, నేను ఎగతాళి చేసింది వాళ్లమ్మ మాటనని. ఆ తర్వాత పోవడానికి సిగ్గేసింది.

సంతాప సభ ఆ బడిలోనే పెట్టారు. సారు భార్య నా చెయ్యి పట్టుకుని, "మూడుసార్లు అంటనని పోయినవట గద. మళ్ల వస్తవని సారు చూసిండ్రు" అన్నారు. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

వేదిక ఎక్కాను. రాసుకొచ్చిన కాగితం తీయలేదు.

"మా సారు ఇస్కూల్. మా సారు ఇస్కూల్. మా సారు ఇస్కూల్."

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో సారు భార్య బొటనవేలు లెక్కపెడుతూ వచ్చి చిటికెన వేలి మూడో గణుపు మీద ఆగి ఉంది.